బ్లాక్ మెసాలో సైరన్ ఎందుకు మోగలేదు?

పోయిన శుక్రవారం మా ఇంట్లో చిన్న గొడవ. పన్నెండో తరగతి చదివే మా అబ్బాయి పొద్దున్నుంచి కంప్యూటర్ ముందు కూర్చుని లేవలేదు. "ఆ తుపాకుల ఆట ఏమిటో, మీరైనా చెప్పండి" అని మా ఆవిడ నన్ను పంపించింది. వెళ్ళి చూస్తే తెర మీద బ్లాక్ మెసా! మందలించడానికి వెళ్ళినవాణ్ణి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తూ, నెట్ సెంటర్లో గంటకింత అని ఇచ్చి నేను ఆడిన ఆటే మరి!

తెలియని వారి కోసం రెండు ముక్కలు చెబుతాను. వాల్వ్ అనే అమెరికన్ కంపెనీ 1998 నవంబరులో "హాఫ్-లైఫ్" అనే ఆట విడుదల చేసింది. అందులో కథ చాలావరకు జరిగే చోటే బ్లాక్ మెసా. న్యూ మెక్సికో ఎడారిలో ఒక పాత క్షిపణి స్థావరాన్ని మార్చి, నేల కింద కట్టిన రహస్య పరిశోధనశాల. అంతా కల్పితమే లెండి. ఆ ఆట మీద ప్రేమతో కొందరు అభిమానులు దాన్ని కొత్తగా మళ్ళీ తయారుచేసి, 2012లో కొంత, 2020లో పూర్తిగా విడుదల చేశారు. మావాడు ఆడుతున్నది అదే.

ఆట మొదట్లో తుపాకీ ఉండదు. మన పాత్ర పేరు గోర్డన్ ఫ్రీమన్, 27 ఏళ్ళ భౌతిక శాస్త్రవేత్త. డ్యూటీకి ఆలస్యంగా వస్తుంటాడు. కొన్ని నిమిషాలపాటు చిన్న రైల్లో కూర్చుని సొరంగాల గుండా వెళ్ళడమే మన పని. మైకులో ఒక గొంతు టైమెంతో, బయట ఎండ ఎంతో చెబుతుంది. మీ స్నేహితులు, బంధువులు ఎవరైనా ఉంటే మా ఉద్యోగాలకు చెప్పండి అని కూడా అంటుంది. అచ్చం మన గల్ఫ్ కంపెనీల బస్సే! రాక్షసులకంటే ముందు ఒక మామూలు ఆఫీసుని చూపించడంలోనే ఉంది ఆ ఆట గొప్పతనం.

తర్వాత ప్రమాదం. ఒక స్ఫటికాన్ని యంత్రంలో పెట్టి పరీక్షించాలి. పైవాళ్ళ తొందర. యంత్రాన్ని 105 శాతం మీద నడుపుతారు. ఒక శాస్త్రవేత్తకి రీడింగులో చిన్న తేడా కనిపిస్తుంది. ఆ వెంటనే, ఫరవాలేదు, హద్దుల్లోనే ఉంది అని సర్దుకుంటాడు. అంతే! వేరే లోకానికి దారి తెరుచుకుని, వింత జీవులు వచ్చి పడతాయి.

అమీర్‌పేటలో ఆడినప్పుడు నాకు ఆ జీవులే గుర్తుండిపోయాయి. ఇప్పుడు ఆ రీడింగు దగ్గర ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే నేనిక్కడ ఒమన్ ఎడారిలో ఒక ఆయిల్ సైట్‌లో సేఫ్టీ విభాగంలో పనిచేస్తున్నాను. హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ కొంచెం ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. అందుకే మేము ముక్కుని కాదు, మీటర్‌ని నమ్ముతాం. కొత్తవాళ్ళకి మొదటిరోజే గాలి ఎటు వీస్తోందో ఎలా చూడాలి, సైరన్ మోగితే ఎక్కడికి పరుగెత్తాలి అన్నవి చెబుతాం. బ్లాక్ మెసాలో ఒక విభాగం ఏం చేస్తోందో పక్క విభాగానికే తెలియదు. మిలిటరీ వస్తోందంటే కాపాడటానికే అని అందరూ ఆశపడతారు. తీరా ఆ సైనికులు రహస్యం బయటికి పొక్కకుండా శాస్త్రవేత్తలనే కాల్చేస్తారు!

ఇది మరీ అతి అనుకోకండి. అదే న్యూ మెక్సికోలో 1943లో లాస్ అలమోస్ ప్రయోగశాల మొదలైంది. అక్కడివాళ్ళ ఉత్తరాలన్నీ శాంటా ఫేలోని 1663 నంబరు పోస్టు బాక్సుకే వచ్చేవి. అక్కడ పుట్టిన పిల్లల బర్త్ సర్టిఫికెట్లలో కూడా అదే చిరునామా! 1945 జులై 16న అదే రాష్ట్రంలో మొదటి అణుబాంబుని పరీక్షించారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ముందుగా చెప్పలేదు. మందుగుండు గోదాము పేలిందని తర్వాత ప్రకటించారు. ఆ బాధితులకు పరిహార చట్టంలో చోటు దొరికింది 2025లో, అంటే 80 ఏళ్ళ తర్వాత!

"ఒమన్ ఎడారిలో కూడా ల్యాబులు ఉన్నాయా నాన్నా?" అన్నాడు మావాడు. కొన్నాళ్ళపాటు ఒకటి ఉండేదిరా అన్నాను. 2018 ఫిబ్రవరిలో ఆస్ట్రియన్ స్పేస్ ఫోరం వాళ్ళు మన ధోఫార్ ఎడారిలో అంగారక గ్రహం మీద ఉన్నట్టే శిబిరం వేశారు. దాని పేరు అమాడీ-18. సుమారు 50 కిలోల స్పేస్ సూట్లు వేసుకుని ప్రయోగాలు చేశారు. ఆస్ట్రియాలోని కంట్రోల్ సెంటర్‌తో మాట్లాడాలంటే, నిజంగా అంగారకుడి మీద ఉన్నట్టు, 10 నిమిషాలు ఆలస్యంగా సందేశం చేరేది. కానీ అందులో రహస్యం లేదు. పత్రికలవాళ్ళు వచ్చి చూశారు, ఏం చేస్తున్నారో లోకానికంతా తెలుసు.

మావాడు కాసేపు ఆట ఆపి అడిగాడు: "ఆ రీడింగ్ చూసినవాడి ప్లేసులో నువ్వుంటే ఆపేవాడివా?"

అబద్ధం చెప్పలేకపోయాను. గల్ఫ్‌కి వచ్చిన కొత్తలో, ఇంకో కంపెనీలో, ఒక గ్యాస్ మీటర్ తనిఖీ గడువు దాటిపోయిందని చూసి కూడా నోరు మూసుకున్నాను. సూపర్‌వైజర్‌కి తొందర, నాకు వీసా భయం, ఊళ్ళో చెల్లెలి పెళ్ళి అప్పు. ఆ రోజు ఏమీ కాలేదు. కాకపోవడం నా గొప్పతనం కాదు. ఇప్పుడైతే ఎవరైనా సరే పని ఆపేయవచ్చని కొత్తగా వచ్చిన మన కుర్రాళ్ళకి తెలుగులోనే చెబుతాను. అయినా వాళ్ళ కళ్ళల్లో అదే వీసా భయం కనిపిస్తూనే ఉంటుంది.

ఈ ఆటకి 17 ఏళ్ళు దాటినవారికే అని రేటింగ్ ఉంది, చిన్నపిల్లలకి ఇవ్వకండి. పెద్దపిల్లలు ఆడుతుంటే మాత్రం ఓ పది నిమిషాలు పక్కన కూర్చోండి. మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. రైలు ప్రయాణం అయ్యేదాకా చూసి, "వీడికి సైరన్ ఎక్కడుందో ఎవరూ చెప్పరేమిటి?" అంది!