1966 బీటిల్‌ని వెనకవైపు 23 మి.మీ. దించాం, ఫోన్‌తో కొలిచి

ఈ సైట్‌లో నేను ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే రాస్తాను. ఈసారి నా చేతికొచ్చిన మెషీన్ నాకంటే ముప్పై ఏళ్లకు పైగా పెద్దది: 1966 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. కంగారు పడకండి, ఇందులో ఫోన్ కూడా ఉంది. అసలు ఆ పని సరిగ్గా అయ్యిందే ఫోన్‌లోని సెన్సర్ వల్ల.

కారు మా బాబాయిది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటారు. నేను ఆఫీస్ పని మీద కొన్నాళ్లు అక్కడున్నప్పుడు వీకెండ్స్ అన్నీ వాళ్ల గ్యారేజ్‌లోనే గడిచాయి. ఆగస్టులో మా చెల్లి ఆ కారులోనే కాలేజీకి వెళ్లాలి. దానికేమో కారు వెనక భాగం నేలకి ఆనినట్టు కనిపించాలి. బాబాయికేమో ఒక్క అంగుళం కూడా కదపడం ఇష్టం లేదు. "నువ్వే చెప్పరా, ఇంజనీర్‌వి కదా" అని ఇద్దరూ నా మీదకి తోసేశారు. నేను చదివింది కంప్యూటర్ సైన్స్ అని గుర్తు చేసినా ఎవరూ వినలేదు.

అసలు దీంట్లో స్ప్రింగ్ ఎక్కడుంది?

మామూలు కారు కింద చూస్తే చుట్టలు తిరిగిన కాయిల్ స్ప్రింగ్ కనిపిస్తుంది. పాత అంబాసిడర్ లాంటి వాటికి వెనకాల కమాన్ పట్టీలు ఉంటాయి. బీటిల్‌లో ఈ రెండూ ఉండవు. వెనక సీటు కింద అడ్డంగా ఒక గొట్టం, దాని లోపల ఎడమకొకటి కుడికొకటి రెండు స్టీల్ కడ్డీలు ఉంటాయి. వీటినే టార్షన్ బార్లు అంటారు. కడ్డీ లోపలి కొన గొట్టం మధ్యలో బిగుసుకుని ఉంటుంది, తిరగదు. బయటి కొనకి స్ప్రింగ్ ప్లేట్ అనే బల్లపరుపు స్టీల్ పట్టీ తగిలించి ఉంటుంది. ఆ పట్టీ రెండో చివర చక్రం దగ్గర యాక్సిల్‌కి బిగిస్తారు. చక్రం పైకి లేస్తే పట్టీ తిరుగుతుంది, పట్టీతో పాటు కడ్డీ మెలిపడుతుంది. తడి బట్ట పిండినట్టు అనుకోండి. ఆ మెలిక విడిపోవాలని చూసే బలమే స్ప్రింగ్.

అంటే బీటిల్‌ని దించాలంటే స్ప్రింగ్ కోయక్కర్లేదు, కొత్తది కొనక్కర్లేదు. కడ్డీకి పట్టీని ఏ కోణంలో తగిలిస్తున్నామో అది మారిస్తే చాలు. బరువు లేనప్పుడు పట్టీ వెనక్కి, కిందికి వాలి ఉంటుంది. ఆ వాలు తగ్గిస్తే కారు కిందికి దిగుతుంది.

40, 44: ఇదే అసలు మ్యాజిక్

కడ్డీ రెండు కొనల్లోనూ గేర్ పళ్లలాంటి గాడులు ఉంటాయి. వీటిని స్ప్లైన్లు అంటారు. లోపలి కొనలో 40, బయటి కొనలో 44. మొదటిసారి విన్నప్పుడు "రెండూ ఒకేలా పెట్టొచ్చుగా" అనుకున్నాను. లెక్క వేశాక నోరు తెరిచాను.

లోపల ఒక గాడి జరిపితే 360ని 40తో భాగించిన కోణం, అంటే 9 డిగ్రీలు మారుతుంది. బయట ఒక గాడి జరిపితే 360ని 44తో భాగించినది, అంటే దాదాపు 8.18 డిగ్రీలు. విడివిడిగా ఇవి చాలా పెద్ద మార్పులు. కానీ లోపల ఒక గాడి ఒకవైపు, బయట ఒక గాడి వ్యతిరేక దిశలో జరిపితే? 9 లోంచి 8.18 తీసేస్తే 0.82 డిగ్రీ. 40కి 44కి కసాగు 440. అంటే ఒక పూర్తి చుట్టులో 440 రకాల పొజిషన్లు దొరుకుతాయి! వెర్నియర్ కాలిపర్స్‌లో ఉండే ఐడియానే ఇది. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఎందుకు చేయిస్తున్నారో అప్పుడు అర్థం కాలేదు, బాబాయి గ్యారేజ్‌లో అర్థమైంది.

కడ్డీ మధ్య నుంచి చక్రం మధ్య వరకు టేపు పెడితే సుమారు 40 సెం.మీ. వచ్చింది. ఆ పొడవుకి ఒక డిగ్రీ అంటే దాదాపు 7 మి.మీ. ఎత్తు.

మేం చేసిన తప్పు

లెక్కంతా చేసి కూడా మొదటిసారి బద్ధకించాం. కడ్డీని కదపకుండా, పట్టీని మాత్రం బయటివైపు ఒక్క గాడి జరిపి బిగించేశాం. 8.18 డిగ్రీలు అంటే సుమారు 57 మి.మీ. చూడటానికి అదిరిపోయింది. చెల్లి వెంటనే ఫోటోలు తీసింది. వీధి చివర స్పీడ్ బంప్ దగ్గర 'ఠప్' మని శబ్దం. సస్పెన్షన్ ప్రయాణం అయిపోయి స్టాపర్ రబ్బరుకి కొట్టుకుంది. దిగి వెనక నుంచి చూస్తే రెండు చక్రాల పైభాగాలూ లోపలికి వాలిపోయి ఉన్నాయి.

దీనికి కారణం స్వింగ్ యాక్సిల్. ఈ మోడల్‌లో యాక్సిల్‌కి గేర్‌బాక్స్ దగ్గర మాత్రమే కీలు ఉంటుంది, చక్రం దగ్గర ఉండదు. పక్షి రెక్కలా ఊగుతుంది. కారు ఎత్తు మారితే చక్రం వాలు కూడా మారి తీరుతుంది. ఎక్కువ దించితే టైరు లోపలి అంచు మీదే బరువు పడి అక్కడ త్వరగా అరుగుతుంది, తడి రోడ్డు మీద గ్రిప్ తగ్గుతుంది.

ఇంకో వైపు కూడా చూడాలి. అసలు ఎత్తులో ఉన్న స్వింగ్ యాక్సిల్ కారు వేగంగా మలుపు తిరుగుతూ హఠాత్తుగా బ్రేక్ వేస్తే వెనక భాగం పైకి లేస్తుంది, చక్రం కిందివైపు లోపలికి ముడుచుకుంటుంది, కారు అదుపు తప్పొచ్చు. కొద్దిగా దించితే ఆ ప్రమాదం తగ్గుతుంది. కాబట్టి అస్సలు దించకపోవడమూ, నేలకి ఆనించడమూ రెండూ బెస్ట్ కాదు. ఈ పాయింట్ దగ్గర బాబాయి కూడా మెత్తబడ్డారు.

ఫోన్‌తో కోణం కొలవడం

రెండోసారి టార్గెట్ 25 మి.మీ. దగ్గరలో పెట్టుకున్నాం. లోపల నాలుగు గాడులు ఒకవైపు (36 డిగ్రీలు), బయట నాలుగు గాడులు వ్యతిరేకంగా (32.73 డిగ్రీలు). తేడా 3.27 డిగ్రీలు, అంటే సుమారు 23 మి.మీ. ఇంత చిన్న తేడాని కంటితో పోల్చుకోలేం. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ భూమ్యాకర్షణ ఏ దిక్కుకి ఉందో చూసి వాలు లెక్కిస్తుంది. ఫోన్ కదలకుండా ఉంటే దీనికి సరిపోయేంత కచ్చితంగా చెప్తుంది. కానీ కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి:

- దశాంశాలు చూపించే యాప్ వాడండి. పూర్తి డిగ్రీలు మాత్రమే చూపించేది ఇక్కడ పనికిరాదు.
- కేస్ తీసేయండి. వెనక కెమెరా ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఫోన్‌ని పొడవాటి అంచు మీద నిలబెట్టండి.
- ఒకసారి కొలిచి, ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి మళ్లీ కొలవండి. రెండింటి సగటు తీసుకుంటే సెన్సర్‌లో ఉన్న సొంత తప్పు పోతుంది.
- కారు స్టాండ్ల మీద వాలుగా ఉండొచ్చు. తలుపు కింద బాడీ అంచు కోణం కూడా కొలిచి, ఆ తేడా సరిచేయండి.

మాకు స్టాక్ సెట్టింగ్‌లో పట్టీ వాలు 17.4 డిగ్రీలు వచ్చింది. మార్చాక 14.1. తేడా 3.3, మా లెక్కకి సరిగ్గా దగ్గర. రెండో పక్క కూడా అంతే వచ్చేదాకా వదల్లేదు.

ఇది మాత్రం దయచేసి చదవండి

కారు గాల్లో ఉన్నా స్ప్రింగ్ ప్లేట్ ఖాళీగా ఉండదు. గొట్టానికి ఉన్న ఒక స్టాప్ మీద ఆగి, లోపల బోలెడంత బలం పట్టుకుని ఉంటుంది. మొదటి రోజు మాకిది సరిగ్గా తెలియలేదు. బాబాయి పెద్ద స్క్రూడ్రైవర్‌తో దాన్ని స్టాప్ మీంచి తప్పించారు. పట్టీ ఒక్కసారిగా కిందికి కొట్టింది, స్క్రూడ్రైవర్ ఎగిరి గోడకి తగిలింది. అర సెకను ముందు ఆయన చెయ్యి ఆ పట్టీ కిందే ఉంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. పిన్ని టీ తెచ్చింది, ఆమెకి మాత్రం ఏమీ చెప్పలేదు.

తర్వాత పద్ధతిగా చేశాం. పట్టీ చివర కింద జాక్ పెట్టి, జాక్ జారకుండా గొలుసుతో కట్టి, స్టాప్ మీంచి తప్పించాక మెల్లగా దించాం. ఇంకొన్ని విషయాలు:

- బరువు జాక్ మీద కాదు, స్టాండ్ల మీద ఉండాలి.
- విప్పే ముందు కడ్డీకి, పట్టీకి, గొట్టానికి పెయింట్‌తో గుర్తులు పెట్టండి. యాక్సిల్‌కి పట్టీ ఎక్కడ బిగిసి ఉందో కూడా గీత గీయండి, లేకపోతే చక్రాల దిశ మారిపోతుంది.
- ఎడమ కడ్డీ కుడివైపు పెట్టకూడదు. వాటిని ఒకే దిక్కుకి మెలితిప్పేలా తయారు చేస్తారు.
- కడ్డీ మీద గీత పడనివ్వొద్దు. ఆ గీతలో తుప్పు పట్టి, ఒకరోజు అక్కడే విరుగుతుంది.
- అయిపోయాక చక్రాల అలైన్‌మెంట్ తప్పకుండా చేయించండి.

ఇన్ని గాడులు లెక్కపెట్టే ఓపిక లేకపోతే బోల్ట్ తిప్పి ఎత్తు మార్చుకునే అడ్జస్టబుల్ స్ప్రింగ్ ప్లేట్లు కూడా దొరుకుతాయి. బాగా దించితే పొట్టి షాక్ అబ్జార్బర్లు కూడా కావాలి. మన దేశంలో చేయాలనుకుంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ముందు చదవండి. కంపెనీ స్పెసిఫికేషన్‌కి, ఆర్‌సీకి తేడా వచ్చేలా బండి మారిస్తే ఇబ్బందే. పైగా మన కాలనీల్లో గట్టుల్లా పోసిన స్పీడ్ బ్రేకర్లు సంగతి మీకు తెలిసిందే.

రెండోసారి అదే స్పీడ్ బంప్ మీదుగా వెళ్లాం. శబ్దం లేదు. చెల్లి దిగి చుట్టూ తిరిగి చూసి, "అన్నయ్యా, అసలు దించావా?" అంది. బాబాయి చక్రం మీద చెయ్యి పెట్టి చూసి, "బాగా దించాడు" అన్నారు. ఆగస్టులో అది ఆ కారు వేసుకుని కాలేజీకి వెళ్లింది. చేరగానే మెసేజ్ పెట్టింది. అప్పటిదాకా బాబాయి ఫోన్ పక్కన పెట్టలేదు, నేనూ అంతే.