తొమ్మిది నిమిషాల కోసం పదమూడేళ్ల సేద్యం

గుత్తి: విత్తిన ప్రతి ఏడూ పంట చేతికి రాదన్న సంగతి ఈ మెట్ట ప్రాంతపు రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. నాలుగేళ్లు దున్ని ఒక్క ఏడు పండించుకునే వేరుశనగ రైతులాగే బతికేవారు మరికొందరున్నారు. వారు బరిలో దిగి కొట్లాడి పొట్ట పోసుకునేవారు. మన వైపు జాతరల్లో, తిరునాళ్లలో గుండు ఎత్తినవాడికీ, కుస్తీలో నెగ్గినవాడికీ చప్పట్లు, ఒక కండువా, కొంత రొక్కం దక్కడం పాత సంగతే. మరునాడు అతడు మళ్లీ మడకకో కూలికో పోయేవాడు. ఇప్పుడు ఏడాది పొడుగునా అదే పని చేసి, దాని మీదే బతికేవారు వచ్చారు. సెల్‌ఫోన్లలో ఆ పోటీలు చూసి 'నేనూ పోతాను' అని ఇంట్లో పట్టుపట్టే పిల్లలూ ఉన్నారు. కనుక ఆ వృత్తిలో మెరక ఎంత, పల్లం ఎంత అని ఒకసారి చూడడం అవసరం.

ఈ పోటీల్లో ఇప్పుడు ఎక్కువ పేరున్నది మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. పిడిగుద్దు, కాలి దెబ్బ, కుస్తీ పట్టు, గొంతు బిగింపు అన్నీ ఒకే ఆటలో చెల్లుతాయి. ఇనుప కంచె లోపల ఇద్దరిని వదులుతారు. ఇందులో పెద్ద సంస్థ అమెరికాలో 1993లో మొదలైన యు.ఎఫ్.సి. సాధారణంగా బరిలో దిగినందుకు ఒక మొత్తం, గెలిస్తే మరో మొత్తం ఇస్తారు. నెల జీతం ఉండదు. గురువుకూ తిండికీ పెట్టుకునేది చాలావరకు ఆటగాడే.

ఉత్తరాఖండ్‌కు చెందిన అన్షుల్ జుబ్లీ అనే యువకుడు సైన్యంలో ఆఫీసరు పరీక్షకు చదువుతూ ఈ ఆటలోకి వచ్చాడు. 2023 ఫిబ్రవరిలో లాస్ వేగాస్‌లో గెలిచి యు.ఎఫ్.సి. ఒప్పందం సంపాదించాడు. అప్పటికి అతనికి ఓటమి అన్నది తెలియదు. అదే ఏడు అక్టోబరులో అబుదాబిలో మొదటిసారి ఓడాడు. ఏడాది పైచిలుకు సాధన చేసి 2025 ఫిబ్రవరిలో సిడ్నీలో మళ్లీ దిగితే పందెం 19 సెకన్లలో ముగిసింది. పడిపోయినది అతడే. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా పల్లెపిల్ల పూజా తోమర్ 2024 జూన్‌లో ఆ సంస్థ బరిలో గెలిచిన మొదటి భారతీయురాలు అనిపించుకున్నది. పది నెలలు తిరక్కుండానే లండన్‌లో ఓడింది.

తెలుగువారిలో ఇలా ఎక్కి, పడి, మళ్లీ ఎక్కిన కథ కావాలంటే నిజామాబాద్ వైపు చూడాలి. ఆమె ఆట ఆ కంచెలోది కాదు, ముష్టియుద్ధం. కాని దెబ్బలు అవే, అనిశ్చయమూ అదే.

గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన తండ్రి

నిఖత్ జరీన్ 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో మూడవది. తండ్రి శ్రీ మహమ్మద్ జమీల్ అహ్మద్ సౌదీ అరేబియాలో దుకాణపు అమ్మకాల ఉద్యోగం చేసి పదిహేనేళ్లు గడిపారు. మన జిల్లాలోనూ గల్ఫ్ సంపాదన మీద నడిచే ఇళ్లు ఉన్నాయి. ఆ సంపాదన వదులుకుని వెనక్కు రావడమంటే ఏమిటో వారికి తెలుసు. కూతుళ్ల చదువు, ఆట దగ్గరుండి చూసుకోవాలని ఆయన వచ్చేశారు. ఆయనా కుర్రతనంలో ఫుట్‌బాల్, క్రికెట్ ఆడినవారే.

పిల్ల మొదట పరుగు పందెాల్లో దిగింది. మైదానంలో ఆడపిల్లలు అన్ని ఆటలూ ఆడుతున్నారు గాని బాక్సింగ్ దగ్గర మాత్రం మగపిల్లలే ఉన్నారు. ఇదేమని తండ్రిని అడిగింది. ఆడవాళ్లకు అంత బలం లేదని జనం అనుకుంటారని ఆయన చెప్పారు. ఆ జవాబే ఆమెను చేతికి తొడుగులు వేయించింది. మొదటి గురువు బంధువే, శంషముద్దీన్. తోడుగా ఆడే అమ్మాయి లేదు. మగపిల్లలతోనే సాధన.

మొదట్లోనే ముఖం మీద దెబ్బ తిని ఇంటికి వచ్చిన కూతురిని చూసి తల్లి కన్నీళ్లు పెట్టుకున్నదట. ఇలా అయితే నిన్నెవరు చేసుకుంటారే అన్నది ఆ తల్లి దిగులు. పేరు వస్తే పెళ్లికొడుకులే వరుస కడతారని కూతురు జవాబు. నిక్కర్లు వేసుకుని మగపిల్లల మధ్య ఈ ఆటేమిటని ఇరుగు పొరుగు అన్న మాటలు తండ్రి విననట్లు ఊరుకున్నారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆనాటికి ఆడవారి బాక్సింగ్ ఒలింపిక్స్‌లో ఎన్నడూ జరగలేదు. దాన్ని చేర్చాలని అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం నిర్ణయించింది 2009 ఆగస్టులో. మొదటిసారి జరిగింది 2012లో, లండన్‌లో. అంటే ఉద్యోగమూ పతకమూ కనుచూపు మేరలో లేని రోజుల్లో ఆ ఇంటివారు ఆ పిల్లను మైదానానికి పంపారు.

2009లో నిఖత్ విశాఖపట్నంలోని భారత క్రీడాప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రంలో చేరింది. అక్కడ గురువు ద్రోణాచార్య అవార్డు గ్రహీత శ్రీ ఐ. వెంకటేశ్వరరావు. రెండేళ్లకే, 2011లో, టర్కీలోని అంటాల్యాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో స్వర్ణ పతకం తెచ్చింది. అప్పటికి పద్నాలుగో ఏడు. 2013 యూత్ ప్రపంచ పోటీల్లో రజతం, 2015లో పెద్దల విభాగంలో జాతీయ విజేత. ఇంతవరకు మంచి వానలు పడిన ఏళ్లే.

భుజం జారిన ఏడు

2017లో విశ్వవిద్యాలయాల పోటీల్లో ఆమె భుజం జారింది. శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. ముష్టియుద్ధ క్రీడాకారిణికి భుజం పోవడమంటే కాడెద్దు కాలు విరిగినట్లే. ఏడాది దాకా బరి లేదు. ఈలోగా పక్కవారు ముందుకు సాగిపోయారు. 2018లో కామన్వెల్త్ క్రీడల జట్టులోనూ, ఆసియా క్రీడల జట్టులోనూ ఆమె పేరు లేదు. జూనియర్ ప్రపంచ విజేతలు పెద్దయ్యాక వినిపించకుండా పోవడం ఈ ఆటలో కొత్త కాదు. ఈమె కథ కూడా అక్కడితో సరి అనుకున్నవారు లేకపోలేదు.

2018లోనే బెల్‌గ్రేడ్‌లో స్వర్ణంతో తిరిగి వచ్చింది. 2019లో బల్గేరియాలోని స్ట్రాంజా పోటీల్లో స్వర్ణం, ఆసియా పోటీల్లో కాంస్యం, థాయ్‌లాండ్‌లో రజతం. అయితే ఆమె బరువు 51 కిలోల విభాగం. అదే విభాగంలో ఆరు సార్లు ప్రపంచ విజేత అయిన మేరీ కోమ్ ఉన్నారు. ఒక విభాగంలో దేశం తరఫున పంపేది ఒక్కరినే. ఈ లెక్క తెలియకపోతే తరువాత జరిగిన గొడవ అర్థం కాదు.

2019 ఆగస్టులో ప్రపంచ పోటీలకు ఎంపిక పందెం పెట్టకుండానే మేరీ కోమ్‌ను ఎంపిక చేశారు. మళ్లీ ఒలింపిక్స్ అర్హత పోటీలకూ అలాగే జరుగుతుందన్న సూచన వచ్చేసరికి, అక్టోబరులో నిఖత్ అప్పటి కేంద్ర క్రీడామంత్రి శ్రీ కిరణ్ రిజిజుకు బహిరంగ లేఖ రాసింది. తనను పంపమని ఆమె అడగలేదు. అందరికీ ఒకటే నియమం పెట్టి పందెం జరపమని అడిగింది. 'నిఖత్ జరీన్ అంటే ఎవరు?' అని మేరీ కోమ్ పత్రికలవారిని ఎదురు ప్రశ్నించారు.

పందెం 2019 డిసెంబరు 28న ఢిల్లీలో జరిగింది. నిఖత్ 9–1 తేడాతో ఓడిపోయింది. పందెం అయ్యాక మేరీ కోమ్ చెయ్యి కలపలేదు. పోరాడి సంపాదించుకున్న పందెంలోనే ఇంత తేడాతో ఓడడం మామూలు అవమానం కాదు. అయితే, అడిగినందుకు పందెమైతే జరిగింది. అడగకపోతే అదీ జరిగేది కాదు. మేరీ కోమ్ పక్షాన చెప్పవలసినదీ ఉంది. ముగ్గురు బిడ్డల తల్లి అయ్యాక కూడా ప్రపంచ పతకం తెచ్చిన మనిషిని తేలికగా తీసివేయడం ఏ సంఘానికీ సాధ్యం కాదు. టోక్యోకు ఆమే వెళ్లారు. 2021లో అక్కడ రెండో పందెంలో ఓడి వచ్చారు.

మళ్లీ టర్కీ గడ్డ మీద

ఓడిన తరువాత నిఖత్ ఏం చేసిందన్నదే ఈ కథలో అసలు భాగం. కరోనా వచ్చి దేశమంతా తలుపులు మూసుకున్నది. పోటీలు లేవు. 2021 మార్చిలో ఇస్తాంబుల్‌లో మొదటి అవకాశం దొరికితే రష్యా, కజకిస్తాన్‌లకు చెందిన ఇద్దరు ప్రపంచ విజేతలను వరుసగా ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ ఏడే బ్యాంక్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం వచ్చింది. నెలకు ఇంత అని జీతం ఇంటికి చేరే ఏర్పాటు ఉంటే గాని ఇటువంటి ఆట సాగదు. పతకాల జాబితాలో ఆ ఉద్యోగాన్ని ఎవరూ రాయరు గాని రాయవలసిందే.

2022 ఫిబ్రవరిలో స్ట్రాంజాలో టోక్యో రజత విజేత, టర్కీకి చెందిన బుసే నాజ్ చకిరోగ్లూను ఓడించి రెండోసారి స్వర్ణం పట్టింది. మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ పోటీల తుది పందెం. ఎదుట థాయ్‌లాండ్ క్రీడాకారిణి జిట్‌పాంగ్ జుటామస్. మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, మొత్తం తొమ్మిది నిమిషాలు. చుట్టూ కూర్చున్న అయిదుగురు న్యాయనిర్ణేతలూ నిఖత్‌కే ఓటు వేశారు. జూనియర్ విజేత అయినదీ టర్కీలోనే, పెద్దల విజేత అయినదీ టర్కీలోనే. మధ్యలో పదకొండేళ్లు గడిచాయి. విశాఖలో అడుగుపెట్టిన నాటి నుంచి లెక్కిస్తే పదమూడు. భారతదేశం నుంచి ప్రపంచ స్వర్ణం గెలిచిన అయిదవ మహిళ ఆమె.

ఆ వెంటనే తెలంగాణ ప్రభుత్వం రెండు కోట్ల రూపాయలూ ఇంటి స్థలమూ ప్రకటించింది. అదే ఏడు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, అర్జున అవార్డు వచ్చాయి. 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాం క్రీడాకారిణి న్గుయెన్ థి టామ్‌ను 5–0తో ఓడించి రెండోసారి ప్రపంచ విజేత అయింది. ఒకటికి మించి ప్రపంచ స్వర్ణాలు గెలిచిన భారత మహిళల్లో అంతకుముందున్నది మేరీ కోమ్ ఒక్కరే. 'ఎవరు?' అన్న ప్రశ్నకు వేరే జవాబు అక్కరలేకపోయింది.

పారిస్‌లో ఆకలి

ఇస్తాంబుల్‌లో నిఖత్ పోటీ చేసింది 52 కిలోల విభాగంలో. కాని పారిస్ ఒలింపిక్స్‌లో ఉన్నది 50 కిలోలు. రెండు కిలోలే కదా అనిపిస్తుంది. ఒంట్లో కొవ్వు లేని మనిషికి ఆ రెండు కిలోలు దించడం ఎంత కష్టమో రంజాన్ నెలలో ఎండకాలపు ఉపవాసం ఉన్నవారు కొంత ఊహించగలరు. పోటీ రోజు పొద్దున తూకం. ముల్లు ఒక్క పిసరు ఎక్కువ చూపితే ఇంటికే. అదే పారిస్‌లో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ 100 గ్రాముల ఎక్కువ బరువుతో తుది పందెం పోగొట్టుకున్న సంగతి అందరికీ గుర్తుంది.

2023 ఆసియా క్రీడల్లో నిఖత్ కాంస్యంతో పాటు పారిస్ అర్హతా సంపాదించింది. అయితే పారిస్‌లో ఆమెకు సీడ్ దక్కలేదు. సీడ్ అంటే గట్టివారు ఒకరితో ఒకరు మొదట్లోనే తలపడకుండా చేసే ఏర్పాటు. అది లేనందువల్ల జర్మనీ అమ్మాయిని ఓడించిన వెంటనే రెండో పందెంలోనే అగ్రస్థానంలో ఉన్న చైనా క్రీడాకారిణి వూ యూ ఎదురైంది. 2024 ఆగస్టు 1న నిఖత్ 0–5తో ఓడింది. బరువు కోసం రెండు రోజులు తిండి మాని, తూకం అయ్యేదాకా నీళ్లు కూడా తాగలేదని కన్నీళ్లతో చెప్పింది. ఆ వూ యూ తరువాత స్వర్ణమే గెలిచింది. చీటీ మరోలా పడి ఉంటే అన్న మాట అప్పుడు చాలామంది అన్నారు. చీటీ మన చేతిలో ఉండదు గదా.

ఓడి వచ్చిన నెలన్నరకే, 2024 సెప్టెంబరులో, తెలంగాణ పోలీసు శాఖలో డి.ఎస్.పి. ఉద్యోగంలో చేరింది. ఆ నియామకం ఒలింపిక్ పతకం వచ్చాక ఇచ్చింది కాదు, పతకం రాకపోయినా ఇచ్చింది. పేద, మధ్యతరగతి ఇళ్లవారు ఆలోచించవలసిన సంగతి ఇది. కంచె లోపలి పోటీల్లో దిగేవారికి ఇటువంటి దన్ను లేదు. ప్రభుత్వ ఉద్యోగాలకు పనికివచ్చేవి గుర్తింపు పొందిన సంఘాల పోటీలూ వాటి పతకాలూ. మన పిల్లలు ఏ ఆటలో దిగుతామన్నా ఆ ధ్రువపత్రం ఏ సంఘానిది, దానికి గుర్తింపు ఉందా అని తల్లిదండ్రులు మొదటి రోజే అడగడం మంచిది. పోటీకి రుసుము కట్టించుకుని రంగు కాగితం చేతిలో పెట్టేవారూ ఉంటారు. జమీల్ అహ్మద్ గారి ఇంట్లో పెద్దపిల్లలిద్దరూ ఫిజియోథెరపీ చదివారు. నిఖత్ కూడా హైదరాబాదులో కళాశాల చదువు మానలేదు. నలుగురిలో ఒకరిని ఆటకు వదిలినా ఇల్లు మొత్తం ఆ ఒక్క పందెం మీద పెట్టలేదన్నమాట.

2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో నిఖత్ పతకానికి ఒక్క పందెం దూరంలో ఓడింది. ఓడించినది చకిరోగ్లూ, 2022లో తాను ఓడించిన మనిషే. రెండు నెలల తరువాత, నవంబరులో, గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ తుది పోటీల్లో తైవాన్ అమ్మాయిని 5–0తో ఓడించి 51 కిలోల విభాగంలో స్వర్ణం పట్టుకుంది. లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్ 2028 జూలైలో మొదలవుతాయి. అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్లు నిండి ఉంటాయి.