పళ్ళు చెప్పే తిండి కథ

వార్డులో రౌండ్లకు వచ్చిన డాక్టరుగారు రోగిని "ఏదీ, నోరు తెరవండి" అనడం మీరు చూసే ఉంటారు. జబ్బు కడుపులో ఉంటే నోరు చూడటం ఎందుకని మీకు అనిపించి ఉండవచ్చు. నాలుక, చిగుళ్ళు, పళ్ళు మనిషి ఆరోగ్యం గురించి చాలా చెబుతాయి. బతికున్నవారి పళ్ళే కాదు, లక్షల ఏళ్ళ క్రితం చనిపోయిన ఆదిమానవుల పళ్ళు కూడా వారు ఏమి తిని బతికారో చెబుతాయి. ఆ సంగతులు కొన్ని తెలుసుకుందాం. అందులో మీ ఇంటి రోగికి పనికివచ్చే మాట కూడా ఉంది.

పళ్ళే ఎందుకు మిగులుతాయి?

మన శరీరంలో అన్నిటికంటే గట్టిది పంటిపైన మెరిసే ఎనామిల్ పొర. దీనిలో సుమారు 96 శాతం ఖనిజ లవణాలే. అందుకే ఎముకలు మట్టిలో కలిసిపోయిన చోట కూడా పళ్ళు శిలాజాలుగా దొరుకుతాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది గాని, ఎనామిల్ అరిగితే మళ్ళీ పెరగదు. పన్ను తయారయ్యే వయసులో బిడ్డ తిన్న తిండి గుర్తు ఆ పొరలో అలాగే నిలిచిపోతుంది. ఆ వయసులో తీవ్రమైన జబ్బు చేసినా, తిండి చాలకపోయినా ఎనామిల్ మీద గాట్లు పడవచ్చు.

శాస్త్రజ్ఞులు ఏమి చూస్తారు?

1. పంటి ఆకారం, పరిమాణం: ఎలాంటి తిండి నమలగలిగేవారో తెలుస్తుంది.

2. పంటిమీది సన్నని గుర్తులు: గట్టి గింజలు కొరికితే గుంటలు, ఆకులు, గడ్డి నమిలితే గీతలు పడతాయి. మైక్రోస్కోపులో కనిపించే ఈ గుర్తులు చివరి రోజుల తిండిని చూపుతాయి.

3. ఎనామిల్‌లోని కర్బనం: కర్బనంలో తేలికది, బరువైనది అని రకాలున్నాయి. జొన్న, సజ్జ, చెరకు, వేడి ప్రాంతాల గడ్డి బరువైన కర్బనాన్ని కాస్త ఎక్కువగా తీసుకుంటాయి. వరి, గోధుమ, పండ్ల చెట్లు తక్కువగా తీసుకుంటాయి. తిన్నవారి పంటిలో ఈ తేడా నిలిచి ఉంటుంది.

4. పంటి గార: గట్టిపడిన గారలో తిన్న మొక్కల సూక్ష్మమైన ముక్కలు చిక్కుకుని ఉంటాయి.

చూపు ఒకటి, నిజం మరొకటి

1959లో ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో, ఓల్డువాయ్ లోయలో మేరీ లీకీ అనే శాస్త్రవేత్తకు ఒక పుర్రె దొరికింది. దాని వయసు సుమారు 17 లక్షల 50 వేల ఏళ్ళు. దవడ పళ్ళు మన పళ్ళకంటే చాలా పెద్దవి, ఎనామిల్ బాగా మందం. గట్టి కాయలు పగలగొట్టి తినేవాడై ఉంటాడని అందరూ అనుకున్నారు. అడకత్తెర లాంటి మనిషి అన్న అర్థంలో దానికి ముద్దుపేరు కూడా పెట్టారు. కాని 2008లో ఈ జాతి పళ్ళను పరీక్షించినప్పుడు గట్టి గింజలు కొరికిన గుంటలు కనిపించలేదు. 2011లో 22 మంది పళ్ళలోని కర్బనాన్ని పరీక్షిస్తే, తిండిలో సగటున సుమారు 77 శాతం గడ్డి, తుంగ వంటి మొక్కలనుంచి వచ్చిందని తేలింది. పైకి చూసి అనుకున్నది పరీక్షలో మారిపోయింది. ఒక్క పరీక్షతో సరిపెట్టక డాక్టర్లు మరొకటి రాయడం కూడా ఇందుకే.

పిప్పిపళ్ళు కొత్తవి కావు

పంచదార వచ్చాకే పళ్ళు పుచ్చడం మొదలైందని చాలామంది అనుకుంటారు. మొరాకో దేశంలోని టఫొరాల్ట్ గుహలో సుమారు 15,000 నుంచి 13,700 ఏళ్ళ క్రితం బతికినవారి పళ్ళను పరీక్షించగా సగం పుచ్చి ఉన్నాయని 2014లో వెల్లడైంది. వారు వ్యవసాయం ఎరుగరు. ఓక్ చెట్టు కాయల వంటి పిండిపదార్థం గల తిండి ఎక్కువగా తిన్నారు. పంటికి అంటుకునే పిండిపదార్థం కూడా పంటికి చేటే. తిన్న తరువాత నోరు పుక్కిలించమని చెప్పేది అందుకే.

పళ్ళు లేని ముసలి మనిషి

జార్జియా దేశంలోని ద్మనిసిలో సుమారు 17 లక్షల 70 వేల ఏళ్ళనాటి ఒక ముసలి మనిషి పుర్రె, దవడ దొరికాయి. 2005లో ఆ వివరాలు ప్రచురించారు. ఒక్క పన్ను తప్ప అన్నీ చనిపోకముందే ఊడిపోయాయి. పళ్ళు ఊడిన గుంటలు ఎముకతో పూడిపోయాయి. అలా పూడాలంటే పళ్ళు పోయాక కూడా ఆ మనిషి ఏళ్ళ తరబడి బతికి ఉండాలి. ఎముకలలోని మూలుగ వంటి మెత్తని తిండి తిని ఉండవచ్చు, తోటివారు సాయపడి ఉండవచ్చు అని శాస్త్రజ్ఞుల ఊహ. నమలలేకపోయినా మెత్తని తిండి అందితే మనిషి బతుకుతాడన్నది మాత్రం ఆ దవడ చెబుతున్న నిజం.

మీరు చేయవలసినవి

• రోగి తినకపోతే మొండితనం అనుకుని కసురుకోకండి. పన్ను నొప్పి, నోటిపూత, వదులైన కట్టుడు పళ్ళు కారణం కావచ్చు. నోరు తెరిపించి చూడండి. నర్సుకు చెప్పండి.

• నమలలేనివారికి అన్నం, పప్పు, కూర మెత్తగా మెదిపి కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఏమి పెట్టాలో డాక్టరును అడగండి.

• కూర్చోబెట్టి తినిపించండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో ఏమీ పోయకండి.

• మంచం పట్టినవారికి రోజూ రెండుసార్లు పళ్ళు, చిగుళ్ళు శుభ్రం చేయండి. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో ఉంచండి.

పళ్ళు పోయినంత మాత్రాన తిండి ఆగనక్కరలేదు. మెదిపి పెట్టే చెయ్యి ఉంటే చాలు.