బ్రిడ్జి కింద పావలా

ఒళ్లు ఒక కొట్లో, మెడ ఇంకో కొట్లో, పికప్ మరో గిటార్‌లోంచి. విడిభాగాలు తెచ్చుకుని సొంతంగా ఎలక్ట్రిక్ గిటార్ బిగించుకోవాలనుకునేవాళ్లకు పెద్ద బాలశిక్ష లాంటి వాయిద్యం ఒకటుంది.

2007లో ఫెండర్ కంపెనీ ఒక గిటార్‌కి నకళ్లు తీసింది. మొత్తం 300. ఒక్కోదాని ధర 25,000 డాలర్లు. అసలు గిటార్ ఒంటి మీద రంగు ఎక్కడ పెచ్చులూడిందో, ఎక్కడ గీసుకుపోయిందో చూసి అచ్చంగా దించారు. తీగల్ని ఒంటి మీద ఆనించే బ్రిడ్జి దగ్గర స్క్రూతో బిగించి ఉన్న నాణేన్ని కూడా వదల్లేదు. అది 1971 నాటి పావు డాలరు. మన మాటలో పావలా.

ఆ అసలు గిటార్ ఒంటికి 50, మెడకి 80, కలిపి 130 డాలర్లు పెట్టానని దాని సొంతదారు చెప్పేవాడు.

ఆ సొంతదారు రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్. 1970ల్లో రాక్ వాయించే కుర్రవాడి ముందు రెండు దారులుండేవి. గిబ్సన్ కంపెనీ గిటార్ కొంటే దళసరి నాదం. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ కొంటే స్వరాన్ని ఊపే ట్రెమొలో కడ్డీ. ఎడ్డీకి రెండూ ఒకే వాయిద్యంలో కావాలి. అలాంటిది ఏ కొట్లోనూ దొరకలేదు. దాంతో కాలిఫోర్నియాలో విడిభాగాలు అమ్మేచోట, లోపముందని పక్కన పడేసిన సెకండ్స్ సరుకులోంచి స్ట్రాట్ ఆకారపు యాష్ చెక్క ఒంటిని ఏరుకున్నాడు. మేపుల్ మెడ కొన్నాడు. గిబ్సన్ ఇఎస్-335లోంచి పికప్ పీకాడు.

పికప్ అంటే అయస్కాంతం మీద వేల చుట్లు చుట్టిన, వెంట్రుక లాంటి రాగి వైరు. పైన ఉక్కు తీగ అదిరితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. గిబ్సన్‌ది రెండు చుట్టల పికప్, హంబకర్ అంటారు. స్ట్రాట్‌లో వాడేది ఒంటి చుట్టది. కొత్త పికప్ పట్టడానికి ఎడ్డీ ఉలితో చెక్క తొలిచాడు. పట్టింది గానీ ఇంకో పేచీ తేలింది. ఫెండర్ బ్రిడ్జి మీద తీగల మధ్య ఎడం ఎక్కువ. గిబ్సన్ పికప్‌లో ఆ తీగల కిందికి రావలసిన స్క్రూల మధ్య ఎడం తక్కువ. తిన్నగా బిగిస్తే చివరి తీగలు స్క్రూల మీదుగా పోవు. పికప్‌ని కాస్త ఏటవాలుగా తిప్పితే మాత్రం ఒక చుట్ట ఈ అంచు తీగకి, రెండో చుట్ట ఆ అంచు తీగకి దగ్గరవుతుంది. అలాగే బిగించాడు. ఇవాళ ఆ వాలు చూసి చాలామంది సోకు అనుకుంటారు. అది కొలత కుదరక వచ్చిన వంకర, అందుకే అంత ముచ్చటగా ఉంటుంది.

తరవాత కీచు మొదలైంది. శబ్దం పెంచితే, చుట్టలో వదులుగా ఉన్న వైరు తనంతట తాను అదిరి కూత పెడుతుంది. దానికి మందు మైనం. కరిగించిన మైనంలో పికప్‌ని ముంచితే అది సందుల్లోకి దిగి గడ్డకడుతుంది. వేడి ఎక్కువైతే ప్లాస్టిక్కే కరిగిపోతుంది. ఎడ్డీ అలా కొన్ని పికప్‌లు పోగొట్టుకున్నాకే చేయి కుదిరింది. వీణ మెట్లను మైనంలో నిలబెట్టే మనకి ఈ పని పరాయిగా అనిపించదు.

వైరింగ్ సంగతి ఇంకా హాయి. ఊడదీసిన వైర్లను మళ్లీ ఎలా కలపాలో అతనికి తెలియలేదు. పికప్ నుంచి ఒక్క వాల్యూమ్ కంట్రోల్‌కి, అక్కణ్నుంచి జాక్‌కి, అంతే. దాని మీద తొడిగిన నాబ్ మీద మాత్రం 'టోన్' అని రాసి ఉంటుంది. నలుపు వేసి, టేపు పట్టీలు అంటించి, పైన తెలుపు కొట్టి, టేపు లాగేశాడు. 1978 ఫిబ్రవరి 10న వచ్చిన 'వాన్ హేలెన్' ఆల్బమ్ అట్ట మీద ఉన్నది ఆ చారల గిటారే. అందులోని 1 నిమిషం 42 సెకన్ల 'ఇరప్షన్' విన్న గిటారిస్టులు ఆ శబ్దం కోసం ఏళ్ల తరబడి వెతికారు. 1979లో మళ్లీ టేపు వేసి ఎరుపు పూశాడు. దానికి ఫ్రాంకెన్‌స్టైన్ అని పేరు పడింది.

ఇక పావలా. పాత ట్రెమొలో తీసేసి, తీగల్ని రెండు కొసలా తాళం వేసినట్టు పట్టుకునే ఫ్లాయిడ్ రోజ్ ట్రెమొలో బిగించినప్పుడు బ్రిడ్జికీ ఒంటికీ మధ్య సందు మిగిలింది. బ్రిడ్జి గాల్లో తేలుతూ ఉంటే ఒక తీగ తెగగానే వెనక స్ప్రింగులు దాన్ని లాగేస్తాయి, మిగతా అయిదూ శ్రుతి తప్పుతాయి. కింద గట్టి ఆసరా ఉంటే ఆ బెడద లేదు. ఆ ఆసరా పావు డాలరు. మందం 1.75 మిల్లీమీటర్లు. కుంటి బల్ల కాలు కింద మడిచిన కాగితం పెట్టే ఆలోచనే ఇది. 2019లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం రాక్ వాయిద్యాల ప్రదర్శనలో ఈ గిటార్‌ని అద్దాల వెనక నిలబెట్టింది.

అసలు మెడా ఒళ్లూ విడివిడిగా కొనుక్కునే వీలు ఎలా వచ్చిందంటే, చరిత్ర చిన్నదే. 1940 ప్రాంతంలో గిటారిస్టు లెస్ పాల్ ఒక దూలం ముక్కకి ఎపిఫోన్ మెడ తగిలించి 'లాగ్' అనే గిటార్ చేశాడు. 1950లో, గిటార్ వాయించడం రాని రేడియో మెకానిక్ లియో ఫెండర్, మెడను జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించి అమ్మాడు. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. 1970ల్లో డిమార్జియో, సీమోర్ డంకన్ వంటివాళ్లు పికప్‌లు విడిగా అమ్మసాగారు. బజారు అలా తయారైంది.

అన్నీ కొన్నాక అసలు పరీక్ష బల్ల మీద. ఫెండర్ పద్ధతి మెడలో, తల దగ్గర తీగలు ఆనే నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. పన్నెండో ఫ్రెట్ (మెట్టు) సరిగ్గా సగంలో, 324 దగ్గర. మొదటి ఫ్రెట్ 36.4 దగ్గర. ఫ్రెట్లు మెడ తయారుచేసినవాడే దిగ్గొట్టి పంపుతాడు కాబట్టి బ్రిడ్జి ఎక్కడ పెడతామన్నదే మన బాధ్యత. బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్ స్క్రూలు తిప్పి కొంత సవరించుకోవచ్చు. ఆ జాగా దాటితే గిటార్ ఎప్పటికీ శ్రుతిలో నిలవదు.

అందుకే తెలిసినవాళ్లు రంధ్రం పెట్టే ముందు దారం పడతారు, తాపీమేస్త్రి గోడకి పట్టినట్టు. నట్‌లోని రెండు అంచు గాడుల నుంచి బ్రిడ్జి దాకా సన్నటి నైలాన్ దారాలు లాగి, మెడ అంచులకు రెండు వైపులా సమానమైన ఎడం ఉందా అని చూస్తారు. ఒక దారం అంచుకి జరిగితే మెడను వేలితో కాస్త నెట్టి మళ్లీ చూస్తారు. అప్పుడు గాని పెన్సిల్ గుర్తు పెట్టరు. మేపుల్ గట్టి చెక్క, స్క్రూ విరిగి లోపల ఉండిపోగలదు. ముందు సన్న రంధ్రం వేసి, స్క్రూని సబ్బు బిళ్లకి రుద్ది తిప్పుతారు.

ఇలా బిగించిన గిటార్‌ని పార్ట్స్‌కాస్టర్ అంటారు. అమ్మబోతే భాగాలకు పెట్టిన డబ్బు సాధారణంగా తిరిగి రాదు. అతుకుల బొంత అని తీసిపారేసేవాళ్లూ ఉన్నారు. కానీ దారం పట్టి, మెడను నెట్టి, బ్రిడ్జి నిలబెట్టినవాడికి ఆ గిటార్‌లో ఏ స్క్రూ ఎందుకుందో తెలుసు. కొట్లో కొన్న గిటార్ ఆ ఎరుకను ఇవ్వలేదు.

ఆకారం ఎవరి సొత్తు?

స్ట్రాట్, టెలీ (టెలికాస్టర్) ఒళ్ల ఆకారాలను ట్రేడ్‌మార్కుగా నమోదు చెయ్యమని ఫెండర్ కోరితే ఇతర తయారీదారులు అడ్డుచెప్పారు. 2009లో అమెరికా ట్రేడ్‌మార్కు బోర్డు ఫెండర్ కోరికను తోసిపుచ్చింది. ఆ రూపాలు అందరూ వాడే సాధారణ రూపాలయ్యాయంది. మెడ చివరి తల ఆకారం మాత్రం ఇప్పటికీ ఫెండర్‌దే. అందుకే కొన్ని విడి మెడల మీద 'లైసెన్స్‌డ్ బై ఫెండర్' ముద్ర కనిపిస్తుంది.

మూడు కలిస్తే బ్లాకీ

1970లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ నాష్‌విల్ కొట్లో ఆరు పాత స్ట్రాట్‌లు కొన్నాడు. మూడు స్నేహితులకిచ్చి, మిగిలిన మూడింటిలో మంచి భాగాలు ఏరి ఒకటి చేయించాడు. అదే బ్లాకీ. 2004 వేలంలో దానికి 9,59,500 డాలర్లు వచ్చాయి.

1978, గుడివాడ

వాన్ హేలెన్ ఆల్బమ్ వచ్చిన ఏడాదే, పాలకొల్లు పిల్లవాడు ఉప్పలపు శ్రీనివాస్ తొమ్మిదేళ్ల వయసులో గుడివాడలో తొలి కచేరీ చేశాడు. మాండొలిన్‌కి మామూలుగా నాలుగు జంటలు, ఎనిమిది తీగలు. కర్ణాటక సంగీతానికి శ్రీనివాస్ వాడిన ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి అయిదు ఒంటి తీగలు. ఒకే పనస దుంగలో తొలిచే బొబ్బిలి ఏకాండి వీణను నెత్తిన పెట్టుకున్న తెలుగు నేలే ఆ మార్చిన వాయిద్యాన్నీ అంతే ప్రేమగా విన్నది.

గాడులు లెక్కపెట్టండి

కెపాసిటర్, వైరు, టంకం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. వాల్యూమ్ కంట్రోల్ ఒంటి చుట్ట పికప్‌కి 250 కిలో ఓమ్స్, హంబకర్‌కి 500 వాడతారు. చిన్నది పెడితే పై స్వరాల మెరుపు తగ్గుతుంది. బ్రిడ్జి నుంచి ఎర్త్ వైరు కలపడం మరిచిపోతే రొద వస్తూనే ఉంటుంది. చివరగా నాబ్. అమెరికన్ కంట్రోల్ కడ్డీకి సాధారణంగా 24 గాడులు, ఆసియాలో తయారైనవాటికి 18. ఒకదాని నాబ్ ఇంకోదాని మీదకి దిగదు. బలవంతంగా నొక్కితే పగిలేది నాబే.