అమ్మానాన్నలను పిలిపించుకునే ముందు వేయవలసిన లెక్క

వైద్య సహాయం కోరుతూ మన సొసైటీకి వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి చూసి, ఒకసారి కమిటీలో ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. గుండెకు స్టెంట్లు వేయించుకున్న ఒక పెద్దాయన పేరు మీద వచ్చిందది. ఆయన కొడుకు అమెరికాలో ఉన్నాడు, నా దగ్గర పదో తరగతి చదివినవాడే. "అమెరికాలో కొడుకును పెట్టుకుని మన దగ్గరికా?" అని ఒకరు అననే అన్నారు.

విచారిస్తే సంగతి తెలిసింది. తల్లిదండ్రులను గ్రీన్ కార్డు మీద తీసుకెళ్లిన ఆ అబ్బాయి, ఇక ఇక్కడితో పనేముందిలే అని, పన్నెండేళ్లుగా కడుతున్న ఇక్కడి ఆరోగ్య పాలసీని ఆపేశాడు. పెద్దాయనకు అక్కడి చలి పడలేదు, పొద్దు గడవలేదు. పద్నాలుగు నెలలకే సూళ్లూరుపేటకు తిరిగి వచ్చేశారు. కొత్త పాలసీ తీసుకున్నారు గానీ నాలుగో నెలలో గుండెనొప్పి వచ్చింది. బీపీ, షుగర్ పాతవి కాబట్టి వెయిటింగ్ పీరియడ్ అడ్డం వచ్చింది. అదే సమయంలో అబ్బాయి ఉద్యోగమూ పోయింది. జకాత్ సొమ్ము ముట్టుకోకుండా, వైద్య నిధి నుంచి ఖర్జె హసనాగా ఇచ్చాం. తర్వాత తీర్చేశాడు.

మన దాతల్లో చాలామంది పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. అమ్మీ, అబ్బాలను తెచ్చుకోవాలని ప్రతి బిడ్డకూ ఉంటుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

అమెరికాలో తల్లిదండ్రులను స్పాన్సర్ చేయాలంటే బిడ్డకు 21 ఏళ్లు నిండి, ఆ దేశ పౌరసత్వం ఉండాలి. గ్రీన్ కార్డు ఒక్కటే ఉంటే కుదరదు. ఐ-130 అనే పిటిషన్ వేయాలి. తల్లిదండ్రులకు ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు కనుక, అన్నదమ్ముల కేసుల్లాగా ఏళ్ల తరబడి వరుసలో నిలబడనక్కర్లేదు. ఆ తర్వాత ఐ-864 అనే హామీపత్రం మీద సంతకం చేయాలి. తన ఆదాయం అక్కడి పేదరికపు గీతకు 125 శాతమైనా ఉందని చూపించాలి. చాలామంది దీన్ని చదవకుండానే సంతకం పెడతారు. తల్లిదండ్రులు పౌరులయ్యేదాకా, లేదా వారి ఖాతాలో సుమారు పదేళ్ల పని లెక్క పడేదాకా ఆ హామీ బిడ్డ మెడకే ఉంటుంది. మధ్యలో ఉద్యోగం పోయినా అది రద్దు కాదు.

అసలు ఖర్చు అక్కడ దిగాక మొదలవుతుంది. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ ఇన్సూరెన్స్ భార్యాపిల్లలకు వర్తిస్తుంది గానీ, తల్లిదండ్రులను చేర్చుకునేవి అరుదు. వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ కావాలంటే 65 ఏళ్లు నిండాలి, గ్రీన్ కార్డుతో వరుసగా ఐదేళ్లు అక్కడ నివసించి ఉండాలి. అప్పుడైనా ఉచితం కాదు. అక్కడ ఉద్యోగం చేయని మనిషికి 2025లో పార్ట్ ఎ నెలకు 518 డాలర్లు, పార్ట్ బి 185 డాలర్లు. రెండూ కలిపి 703. మన డబ్బుల్లో నెలకు అరవై వేల పైమాట, అదీ ఒక్కరికి. మందుల ప్లాన్ వేరే.

మరి ఆ మొదటి ఐదేళ్లు? ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ కొనుక్కోవచ్చు. పాత జబ్బు ఉందని వాళ్లు కాదనకూడదు, ఎక్కువ అడగకూడదు. వయసును బట్టి మాత్రం కుర్రవాడు కట్టేదానికి మూడు రెట్ల వరకు వేయవచ్చు. దిగిన 60 రోజుల్లోగా చేరాలి. ఆ గడువు జారిపోతే మళ్లీ ఏడాది చివర్లో తెరిచేదాకా ఆగాల్సిందే. విమానం టికెట్ కంటే ముందు ఈ ప్రీమియం కనుక్కోమని నేను అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను.

ఇక్కడ బడి రిజిస్టర్ల సంగతి ఒకటి చెప్పాలి. మా తరం వాళ్లను బడిలో వేసేటప్పుడు పుట్టిన తేదీ నోటికి వచ్చింది రాయించారు, ఎక్కువమందికి జూన్ లేదా జులై ఒకటి. పాస్‌పోర్టులోకీ అదే ఎక్కింది. అమ్మీ వయసు మూడేళ్లు తగ్గి నమోదైతే ఆమెకు 65 కూడా మూడేళ్లు ఆలస్యంగానే నిండుతుంది. పేర్లదీ ఇదే గోల. ఒక కాగితంలో బీ, ఇంకో దానిలో బేగం, షేక్ ఒకచోట ముందు, ఒకచోట వెనక. తండ్రి కోసం పిటిషన్ వేస్తే పెళ్లి రుజువు అడుగుతారు, ఉర్దూ నిఖానామాకు ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఈ కాగితాలు ముందే సరిచేసుకుంటే మేలు.

విజిటర్ వీసా మీద వెళ్లేవారికి అమ్మే ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకు చాలావరకు రక్షణ ఉండదు. చవకగా ఉందని కొనేముందు ఆ ఒక్క షరతు చదవండి. కెనడా సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడా డాలర్ల ఇన్సూరెన్స్, ఏడాదికి తగ్గకుండా, ముందే చూపాలి. ఒకసారి వెళ్తే ఐదేళ్ల వరకు ఉండనిస్తారు. దుబాయ్‌లో తల్లిదండ్రులకు నివాస వీసా కావాలంటే కొడుకు జీతం నెలకు 20,000 దిర్హాముల దాకా ఉండాలి. ఆరోగ్య బీమా తప్పనిసరి, వీసా ఏటా రెన్యువల్.

ఏ దేశం వెళ్లినా ఇక్కడి పాలసీని మాత్రం వదలకండి. 2024 నుంచి మన బీమా నియంత్రణ సంస్థ నిబంధన ప్రకారం పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మూడేళ్లకు మించకూడదు. ఐదేళ్లు తెగకుండా కట్టిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారని క్లెయిమ్ తిప్పికొట్టకూడదు. మధ్యలో పాలసీ తెగితే ఈ రెండు లెక్కలూ మళ్లీ మొదటి నుంచే. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

ఇన్సూరెన్స్ తీసుకోవచ్చా అన్న సందేహం మన పెద్దల్లో కొందరికి ఉంది. అది ఉలమాలను అడిగి తేల్చుకోవలసిన విషయం. నేను చెప్పింది డబ్బు లెక్క మాత్రమే.

ఆ పెద్దాయన ఇప్పుడు ఇక్కడే ఉంటున్నారు. అబ్బాయికి మళ్లీ ఉద్యోగం దొరికింది. ఇద్దరి పాలసీలకూ ప్రీమియం తన బ్యాంకు ఖాతా నుంచే వెళ్లేలా పెట్టాడు, వేసవి సెలవుల్లో తనే వచ్చి చూసి పోతున్నాడు. కొత్త పాలసీకి వెయిటింగ్ పీరియడ్ ఇంకో ఏడాది మిగిలి ఉంది.