శిరస్త్రాణమును శాసనమును

1935వ సంవత్సరము మే మాసమున, ఇంగ్లండునందలి డార్సెట్ ప్రాంతములో మోటారుసైకిలుపై పోవుచున్న ఒక ప్రఖ్యాతపురుషుడు, ఎదుట సైకిళ్లపై నున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి, బండిమీదనుండి యెగిరిపడి, తలకు తగిలిన గాయముచేత ఆరుదినములు స్పృహలేక యుండి మరణించెను. అరేబియా లారెన్స్ అని లోకము పిలిచిన టి. ఇ. లారెన్స్ ఆతడే. అతని తలపై హెల్మెట్టు లేదు. పందెములలో పాల్గొనువారు తప్ప ఆ కాలమున దానిని ధరించువారును అరుదు. అతనికి చికిత్స చేయవచ్చిన వైద్యులలో నొకడగు హ్యూ కెయిర్న్స్, మోటారుసైకిలు ప్రమాదములలో కలుగు తలగాయములను పరిశీలించి, హెల్మెట్టు ప్రాణరక్షకమని 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌నందు ప్రకటించెను. ఆ సంవత్సరము నవంబరులోనే బ్రిటిష్ సైన్యము మోటారుసైకిలు నడపు తన సైనికులకు హెల్మెట్టును విధించెను. సామాన్యపౌరులకు మాత్రము ఆ విధి 1973వ సంవత్సరమువరకును రాలేదు. సత్యము తెలిసిన నాటికిని, అది శాసనమైన నాటికిని నడుమ గడచిన ఆ ముప్పదియేండ్లలో నష్టమైన ప్రాణములను తిరిగి తేగలవారెవ్వరు?

హెల్మెట్టు చేయు రక్షణ యెట్టిదో తెలిసికొనుట యవసరము. పైనున్న గట్టి పెంకు దెబ్బను విశాలముగా వ్యాపింపజేయును. లోపలనున్న థర్మాకోల్ వంటి దట్టమైన పొర నలిగి, తల యాగుటకు పట్టు కాలమును రెప్పపాటులో కొంతభాగమైనను పెంచును. ఎత్తునుండి రాతిపై పడుటకును ఇసుకపై పడుటకును గల భేదమే యిది. ఒకసారి నలిగిన ఆ పొర మరల కోలుకొనదు గావున, గట్టి దెబ్బతిన్న హెల్మెట్టు పైకి చెక్కుచెదరక కనిపించినను పనికిరాదు. పెక్కు పరిశోధనలను కూర్చి చూచిన పండితులు, హెల్మెట్టు ధరించినవారికి ప్రమాదమున మరణభయము నూటికి 42 వంతులును, తలగాయముల భయము 69 వంతులును తగ్గునని తేల్చిరి.

ఇంత మేలుచేయు వస్తువును జనులు తమంత తాము ధరింపరా యని యడుగవచ్చును. అమెరికా అనుభవమే దీనికి సమాధానము. అచట కేంద్రప్రభుత్వ ప్రోద్బలమువలన 1975 నాటికి నలుబదియేడు రాష్ట్రములు హెల్మెట్టును విధింపగా, 1976లో ఆ యొత్తిడి తొలగినంతనే అనేకరాష్ట్రములు శాసనమును రద్దుచేసెను, లేదా చిన్నవయసువారికి మాత్రమే పరిమితము చేసెను. అట్టిచోట ధరించువారు తగ్గిరి, మృతులు పెరిగిరి. వేగముగా పోవు బండిమీది యువకుని వయసును దారిప్రక్కనున్న పోలీసు చూచి నిర్ణయింపలేడు గదా! పశ్చిమజర్మనీలో 1976నాటి శాసనమునకు జరిమానా లేకుండుటచే పలువురు దానిని పాటింపరైరి. 1980లో జరిమానా విధింపగా దాదాపు అందరును పాటించిరి. అంతేకాక, మోటారుసైకిళ్ల దొంగతనములును గణనీయముగా తగ్గెను. హెల్మెట్టు లేక బండి నెక్కిన దొంగ అందరి కంటను పడుచుండుటయే దీనికి హేతువు.

మన దేశమున 1988నాటి మోటారువాహనముల చట్టము, 129వ సెక్షనునందు, బండి నడపువానితోపాటు వెనుక కూర్చున్నవారికిని హెల్మెట్టును విధించుచున్నది. దానిని పట్టీలతో తలకు బిగించవలెననియు ఆ సెక్షనే చెప్పుచున్నది. 2019నాటి సవరణ వేయిరూపాయల జరిమానాను, మూడుమాసముల లైసెన్సు రద్దును నిర్దేశించెను. అయినను 2022లో దేశమునందు రోడ్డుప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో హెల్మెట్టు ధరింపనివారు 50,029 మంది; వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే.

మన వీధులలో నిత్యము కనిపించునదేమి? చౌరస్తాలో పోలీసులు కనబడువరకు హెల్మెట్టు పెట్రోలు ట్యాంకుపైనో, మోచేతికో వ్రేలాడుచుండును. దూరమునుండి ఖాకీచొక్కా కనబడినంతనే తలకెక్కును. పట్టీ మాత్రము గడ్డముక్రింద బిగింపక గాలికి ఊగుచుండును. పడినపుడు తలకంటె ముందు దూరముగా దొర్లిపోవునది ఆ హెల్మెట్టే. వెనుక బిడ్డను ఒడిలో నుంచుకొని కూర్చున్న యిల్లాలికి అదియును లేదు. చలానునకు భయపడి ధరించినవాడు చలానునుండియే రక్షింపబడును.

దోషము ప్రజలది మాత్రమే కాదు. రోడ్డుభద్రతా వారోత్సవములనాడు కఠినముగా పట్టి, మరుసటి వారము చూచిచూడక విడిచిపెట్టు శాసనము, పట్టుబడుట యదృష్టముపై ఆధారపడునను భావమును జనులకు నేర్పును. శిక్ష స్వల్పమైనను నిశ్చితమై, ప్రతిదినమును, ప్రతివానికిని, ముందు కూర్చున్నవానికిని వెనుక కూర్చున్నవానికిని సమానముగా వర్తించినపుడే అలవాటు పుట్టును; అలవాటు పుట్టిన పిమ్మట పోలీసుతో పనియుండదు. అంతేకాక, ప్రభుత్వము నాణ్యతను తెలుపు ఐ.ఎస్.ఐ. ముద్రలేని హెల్మెట్టులను బజారునుండి తొలగించవలెను. తండ్రి కుమారునికి బండి తాళము ఇచ్చుటకు ముందే హెల్మెట్టు నీయవలెను. వెనుక కూర్చుండువారు తమకును ఒకటి కావలెనని అడుగవలెను. శాసనము చేయగలిగినదంతయు చేసినను, పట్టీ బిగించుకొనవలసిన చేయి మాత్రము మనదే.