సముద్రం అడుగున గొట్టానికి దెబ్బ తగిలితే

కాకినాడ బీచ్‌లో నిలబడి తూర్పుకు చూస్తే నీళ్లు తప్ప ఏమీ కనపడవు. ఆ నీళ్ల అడుగున ఉక్కు గొట్టాలున్నాయనీ, వాటిలోంచి రాత్రీ పగలూ గ్యాస్ ఒడ్డుకు వస్తోందనీ చెబితే మా మనవరాలు నమ్మలేదు. "ఊరికే అంటున్నావు కదూ తాతయ్యా!" అంది.

ఊరికే కాదు అమ్మడూ. పేపర్లో కేజీ బేసిన్ అని చదువుతూంటామే, ఆ గ్యాసే. డీ-6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ తీయడం మొదలుపెట్టారు. అది సముద్రం అడుగున పైపుల్లో బయల్దేరి గాడిమొగ దగ్గర ఒడ్డెక్కుతుంది. అదే బ్లాకులో 2020 డిసెంబరులో మొదలైన ఆర్-క్లస్టర్ అనే గ్యాస్ క్షేత్రం అయితే రెండు వేల మీటర్లు దాటిన లోతులో ఉంది. పది మీటర్లు దిగితే ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. ఆ లెక్కన అక్కడ గొట్టాన్ని నీరు ఎంత నొక్కుతుందో నువ్వే చూసుకో.

"మరి అక్కడ పైపు పగిలితే ఎవరు దిగి బాగుచేస్తారు?"

అడగాల్సిన ప్రశ్నే. కానీ పగలకుండా ఏమేం చేస్తారో తెలిస్తే గాని దాని జవాబు బోధపడదు. ముందు అది విను.

పెద్ద సైజు గొట్టంలో గ్యాస్ నింపితే అది నీళ్లలో నిలవదు. మా చిన్నప్పుడు ఎండిన ఆనపకాయ బుర్ర నడుముకు కట్టుకుని కాలవలో ఈత నేర్చుకునేవాళ్లం. ఆ బుర్ర మమ్మల్ని పైకెత్తినట్టే లోపలి గ్యాస్ గొట్టాన్ని పైకెత్తుతుంది. అందుకని ఒంటినిండా కాంక్రీటు తొడిగి బరువెక్కించి దింపుతారు. ఆ కాంక్రీటు కింద తుప్పు పట్టకుండా ప్లాస్టిక్ పూత ఉంటుంది. పూత ఎక్కడో ఒకచోట గీసుకుపోక మానదు. ఉప్పునీటికి ఆ గీత చాలు.

దానికి విరుగుడు రెండొందల ఏళ్ల కిందటిది. అప్పట్లో ఇంగ్లండు నౌకాదళం చెక్క ఓడల అడుగుకు పురుగు తొలవకుండా రాగి రేకులు కొట్టేది. ఆ రాగిని సముద్రం తినేస్తూంటే శాస్త్రవేత్త సర్ హంఫ్రీ డేవీ 1824లో ఒక ఉపాయం చూపించాడు. రాగికి ఇనుప ముక్కో జింకు ముక్కో తగిలించమన్నాడు. ఒకదాన్నొకటి తాకుతూ రెండు లోహాలు ఉప్పునీళ్లలో ఉంటే, తేలిగ్గా కరిగేది ముందు కరుగుతుంది, రెండోది బతికిపోతుంది. రాగి నిజంగానే చెక్కుచెదరలేదు. తీరా ఓడలు సముద్రంలో తిరిగొచ్చాక చూస్తే అడుగంతా పాచి, గుల్లలు! అన్నాళ్లూ కొద్దికొద్దిగా కరిగే రాగే వాటికి విషమై దగ్గరికి రానివ్వలేదు. రాగి కరగడం మానేసరికి అవి వచ్చి కాపురం పెట్టాయి. ఓడల నడక మందగించింది. నౌకాదళం ఆ ముక్కలన్నీ పీకించేసింది. పాపం డేవీ! చెప్పిన శాస్త్రం సరైనదే, వాడిన చోటే కుదరలేదు.

గొట్టానికి నడక లేదు గనక దానికి పాచి పట్టినా నష్టం లేదు. అందుకే అల్యూమినియంలో కొంత జింకు, ఓ చిటికెడు ఇండియం కలిపి కడియాలు పోతపోసి, కొంత దూరానికొకటి చొప్పున తొడుగుతారు. ఉక్కు బదులు ఆ కడియం కరుగుతూ పోతుంది. ఆర్‌ఓవీ అనే రోబో కేబులుతో కిందికి దిగి, గొట్టానికి మొన ఆనించి వోల్టేజి చూస్తుంది. మైనస్ 0.8 వోల్టుగాని, ఇంకా కిందికిగాని ఉంటే ఉక్కు క్షేమం. అంతకు పైకి వస్తోందంటే కడియాలు అరిగిపోయాయని అర్థం. అప్పుడు కొత్తవి దింపాలి.

బయటి సంగతి ఇది. లోపలి తుప్పు ఇంకా మోసకారి. గ్యాస్‌లో తడి ఉంటే, అందులోని కార్బన్ డయాక్సైడు ఆ తడిలో కరిగి ఆమ్లమై అడుగుభాగాన్ని తొలుస్తుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన కోనసీమలో, నగరం ఊళ్లో పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు. అది నేలమీది గొట్టం. పొడి గ్యాస్ కోసం వేసిన దాంట్లో తడి గ్యాస్ పోయింది, గొట్టం లోపల్నుంచి చివికింది. ఈ ప్రాంతంలో ఉంటూ ఆ ఊరి పేరెత్తకుండా తుప్పు గురించి కబుర్లు చెప్పడం నావల్ల కాదు.

ఈ లోపలి తుప్పును పట్టుకోడానికి పిగ్ అనే యంత్రాన్ని ఒక చివర పెట్టి వదులుతారు. వెనకనున్న గ్యాసే దాన్ని తోసుకుపోతుంది. దానికున్న బలమైన అయస్కాంతాలు గొట్టం గోడను అయస్కాంత క్షేత్రంతో నింపేస్తాయి. గోడ పల్చబడ్డ చోట ఆ క్షేత్రం కొంత బయటికి కారుతుంది. సెన్సర్లు ఆ కారడాన్ని రాసుకుంటాయి. రెండో చివర పిగ్‌ను బయటికి తీసి లెక్క చూస్తే ఎక్కడ ఎంత మందం మిగిలిందో తెలుస్తుంది. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకన్నా తెలివైన పనిముట్టు లేదు.

ప్రవాహాలు గొట్టం కింది ఇసకను కోసుకుపోవడం ఇంకో బెడద. కొన్ని మీటర్ల మేర గొట్టం ఆధారం లేకుండా వేలాడుతుంది. దాన్ని దాటే నీరు వెనకవైపు ఒకసారి పైనా ఒకసారి కిందా సుడులు వదులుతుంది. ఆ సుడుల తాళం గొట్టం సహజమైన ఊపుతో కలిసిందా, ఇక ఊగుడే ఊగుడు. వెల్డింగు అతుకులు అలిసిపోయి చీలతాయి. రాళ్లు పోసో, సిమెంటు సంచులు పెట్టో ఆ సందు పూడుస్తారు.

"ఇన్ని చూసుకుంటే ఇంక పగలదుగా?"

తుప్పు నెమ్మదిగా వస్తుంది గనక కాపు కాయొచ్చు. లంగరు అలా రాదమ్మా. 2023 అక్టోబరు 8 అర్ధరాత్రి దాటాక ఫిన్లాండు, ఎస్తోనియా దేశాల మధ్య గ్యాస్ గొట్టంలో ఒత్తిడి ఉన్నట్టుండి పడిపోయింది. ఆ గొట్టం పేరు బాల్టిక్‌కనెక్టర్. సముద్రం కింద 77 కిలోమీటర్లు, వాడకం మొదలై నాలుగేళ్లు కూడా నిండలేదు. 30 బార్ల పైచిలుకు ఉన్న ఒత్తిడి 12కు దిగింది. కంట్రోల్ రూములో ఉన్నవాళ్లు కవాటాలు మూసేశారు. ఆ రాత్రి వాళ్లు చేయగలిగింది అంతే, చేయాల్సిందీ అదే. దిగి చూస్తే సముద్రం నేలమీద ఈడ్చుకుపోయిన చాలు, దాని దారిలోనే విరిగిన గొట్టం. అక్టోబరు 24న ఆ దగ్గర్లో ఆరు టన్నుల లంగరు బయటపడింది. న్యూన్యూ పోలార్ బేర్ అనే చైనా కంపెనీ కంటైనరు ఓడ అటుగా వెళ్లింది, దాని లంగరుల్లో ఒకటి లేదు. తుఫానులో జరిగిన ప్రమాదమని చైనా వాళ్లు తర్వాత ఒప్పుకున్నారు.

ఇప్పుడు నీ ప్రశ్నకు వద్దాం. చిన్న చిల్లయితే క్లాంపు వేస్తారు. రెండు అర్ధచంద్రాకారపు ఉక్కు దిమ్మెలు, లోపల రబ్బరు సీళ్లు, చుట్టూ బోల్టులు. చెప్పడానికి తేలికే. బిగించే ముందు పడే పాట్లే పాట్లు. గొట్టం కింది మట్టి తోడాలి. నీటి జెట్టుతో కాంక్రీటు రాలగొట్టాలి. పూత గీకాలి. గొట్టం పొడుగునా ఉండే వెల్డింగు గీత ఉబ్బెత్తుగా ఉంటే దాన్నీ సాపు చేయాలి, లేకపోతే సీలు పక్కనుంచి గ్యాస్ కారుతుంది. గొట్టం సొట్టపడి గుండ్రం తప్పితే క్లాంపు ఎక్కనే ఎక్కదు.

గొట్టం విరిగినా వంగినా ఆ ముక్క కోసేసి కొత్తది అతకాలి. వజ్రపు పలుకులు పొదిగిన తీగ రంపంతో కోస్తారు. లంగరు లాగిన గొట్టంలో బిగువు దాగి ఉంటుంది. తెగిన క్షణాన అది ఎటు ఎగురుతుందో ముందే లెక్కకట్టాలి. తర్వాత పెద్ద ఫ్రేములతో రెండు కొసల్నీ ఎత్తి, ఎదురెదురుగా నిలిపి కలపాలి. మెకానికల్ కనెక్టర్లతో బిగించడం ఒక దారి, వెల్డింగు ఇంకో దారి. నీళ్లలోనే వెల్డింగు చేస్తే లోహం ఒక్కసారిగా చల్లారి పెళుసైపోతుంది. అందుకని గొట్టం మీద ఒక గది దించి, పైపు గ్యాస్ కాదు, వేరే వాయువు నింపి నీళ్లు బయటికి నెట్టి, పొడి చోట అతుకు వేస్తారు.

ఆ గదిలో పనిచేసే డైవర్ల బతుకు చూడు. రోజూ దిగి ఎక్కితే రక్తంలో బుడగలు కట్టి చస్తారు. అందుకని ఓడమీద ఒక ఉక్కు గదిలో, అడుగున ఉన్నంత ఒత్తిడిలోనే వారాల తరబడి తిండీ నిద్రా కానిస్తారు. పీల్చేది హీలియం కలిసిన గాలి. గొంతులు కీచుమంటాయి, పైనున్నవాళ్లకు మాట అర్థం కావాలంటే దాన్ని సరిచేసే యంత్రం పెట్టాలి. పని ముగిశాక ఒత్తిడి దించుకోడానికే రోజులు పడతాయి. 1988లో ఫ్రాన్సు తీరాన 534 మీటర్ల లోతున డైవర్లు పనిచేసి చూపించారు. సముద్రంలో ఆ లోతు దాటి అలా పనిచేసినవాళ్లు లేరు. మామూలుగా జరిగే పని మూడొందల మీటర్ల లోపే. మరి మన ఆర్-క్లస్టర్ లోతులో? మనిషి అన్న మాటే లేదు. కోత, గీకుడు, బిగింపు అన్నీ పైనుంచి నడిపే యంత్రాలే చేయాలి.

కలిపాకైనా వెంటనే గ్యాస్ వదలకూడదు. లోపలికి చొరబడిన సముద్రపు నీళ్లు పిగ్‌లతో తోసి, గొట్టం ఆరబెట్టాలి. చలిలో, ఒత్తిడిలో నీరూ మీథేనూ కలిస్తే మంచులా కనపడే హైడ్రేటు కడుతుంది. గ్యాస్ పైపుల్లో అడ్డుపడేది ఉత్త మంచు కాదు, హైడ్రేటని 1934లో హ్యామర్‌ష్మిట్ తేల్చాడు. అంతకు వందేళ్ల ముందే క్లోరిన్‌తో నీళ్లు కలిసి అలా గడ్డకడతాయని చూసినవాడెవరో తెలుసా? మన డేవీయే!

ఇందులో గడియారం తినేది ఏదో గమనించావా? అతుకు వేయడం కాదు. ఆ గొట్టం సైజుకు క్లాంపు పోతపోయించడం, సరైన ఓడ దొరకడం, అనుమతులు, సముద్రం నెమ్మదించడం. నార్వే వాళ్లు ఇది ఎప్పుడో గ్రహించారు. హౌగసుండ్ రేవు దగ్గర గోదాములో క్లాంపులు, ఎత్తే ఫ్రేములు, వెల్డింగు గదులు సిద్ధంగా పెట్టుకున్నారు. చాలా గొట్టాల యజమానులు ఖర్చు పంచుకుంటారు, ఎవరి గొట్టం చెడితే వాళ్లు వాడుకుంటారు. ఏళ్ల తరబడి వాడకుండా ఉండే సామాను మీద డబ్బు పెట్టడానికి ఏ కంపెనీకైనా చెయ్యి రాదు. పంచుకోవడంలోని తెలివి అదే. మన తూర్పు, పడమటి తీరాల గొట్టాలకు కూడా ఇలాంటి ఉమ్మడి గోదాము ఉండాలని నా పట్టుదల.

"ఆ ఫిన్లాండు గొట్టం బాగైందా?"

అయింది. గొట్టం తెగిన ఆ చలికాలమంతా ఫిన్లాండు ఇంకూ రేవులో కట్టేసిన ఎల్ఎన్జీ (ద్రవరూప గ్యాస్) ఓడ మీద ఆధారపడింది. ఎస్తోనియాకు లాత్వియా భూగర్భ నిల్వ ఆదుకుంది. 2024 ఏప్రిల్ 22న గొట్టంలో గ్యాస్ మళ్లీ నడిచింది. దెబ్బ తగలడం ఒక్క రాత్రి, బాగుచేయడం ఆరు నెలల పైన. ఆ ఏడాదే డిసెంబరు 25న అదే ఫిన్లాండు సింధుశాఖలో ఇంకో ఓడ లంగరు ఈడ్చుకుంటూ పోయింది. ఈసారి తెగినవాటిలో కరెంటు కేబులు ఒకటి.